బంగారు గడప దాటే ముందు: అబిడ్స్‌లోని సరోజినీ నాయుడి ఇంటిని ఎలా చూసి రావాలి

"సరోజినీ నాయుడి ఇల్లు ఎక్కడండీ? టికెట్ ఎంత? ఆదివారం తెరిచి ఉంటుందా? పిల్లల్ని తీసుకెళ్తే వాళ్లకేమైనా అర్థమవుతుందా?" నన్ను తరచూ అడిగే ప్రశ్నలివి. నేను పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని ఆ వైపు చాలాసార్లు వెళ్లాను కాబట్టి అన్నిటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను. ఇందులో సగం ఇల్లు చేరేలోపు చేయాల్సిన పనులే ఉంటాయి. రచయిత ఇంటికి వెళ్లడానికీ కోటకో ప్యాలెస్‌కో వెళ్లడానికీ తేడా అక్కడే ఉంది. కోట ఏమీ చదవకుండా వెళ్లినవాళ్లనీ ఆకట్టుకుంటుంది. రచయిత ఇల్లు అలా కాదు. ఆమె రాసింది ఒక్క ముక్కా చదవకుండా వెళితే అక్కడ మీకు గోడలు, తలుపులు, కిటికీలే కనిపిస్తాయి.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ ఇంటి పేరు గోల్డెన్ త్రెషోల్డ్. అబిడ్స్ వైపు, నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలా కౌంటర్లో టికెట్ తీసుకుని లోపలికి నడిచే చోటు అనుకుని బయల్దేరకండి. ఇది హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆస్తి. సరోజిని కూతురు పద్మజా నాయుడు ఇచ్చిన ఈ ఇంట్లోనే 1974లో ఆ విశ్వవిద్యాలయం మొదలైంది. గచ్చిబౌలి ప్రాంగణానికి వెళ్లింది ఆ తర్వాతే. కాబట్టి ఎవరో ఎప్పుడో నెట్‌లో పెట్టిన వేళల్ని నమ్ముకోకుండా, అడిగి వెళ్లండి.

కావలసినవి

- ఆమె కవితలు రెండు మూడు, కాగితం మీద. ఫోన్లో ఉంటే చాలదు, కారణం తర్వాత చెబుతాను.
- అనుమతి అడుగుతూ రాసిన ఉత్తరం, దాని నకలు.
- ఆధార్ లాంటి గుర్తింపు కార్డు. బడి పిల్లలైతే బడి నుంచి ఒక లేఖ.
- చిన్న నోటు పుస్తకం, పెన్సిలు.
- నీళ్లు, టోపీ, నడవడానికి అలవాటైన చెప్పులు.
- ఒక పూట తీరిక. ఇంటికి గంట, ఆ తర్వాతి నడకకు రెండు మూడు గంటలు పెట్టుకోండి.

1. పేరు సరిచూసుకోండి

ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. మ్యాప్‌లో సరోజిని అని కొట్టి, మొదట వచ్చినదాన్ని నొక్కేస్తారు. అది మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి తీసుకెళ్తుంది. ఆటో ఎక్కి "సరోజినీ నాయుడు" అంటే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లోని వనితా మహావిద్యాలయ దగ్గర దింపవచ్చు. విశ్వవిద్యాలయం అని వెతికితే గచ్చిబౌలి చూపిస్తుంది, అక్కడా ఆమె పేరుతో ఒక విభాగం ఉంది. మీరు వెళ్లాల్సింది ఈ మూడూ కాదు. మ్యాప్‌లో గోల్డెన్ త్రెషోల్డ్ అని పూర్తిగా రాయండి. ఆటో అతనికి మాత్రం ఆ పేరు చెప్పొద్దు, "నాంపల్లి స్టేషన్ రోడ్డు, అబిడ్స్ వైపు" అనండి.

సరిచూసుకోవడం ఇలా: మ్యాప్‌లో పడిన గుర్తు నాంపల్లి రైల్వే స్టేషన్‌కీ అబిడ్స్ చౌరస్తాకీ మధ్య ఉండాలి. మూసీ దగ్గరో మెహిదీపట్నంలోనో పడితే తప్పు చోటు.

2. అనుమతి ముందే అడగండి

ఒక్కరో ఇద్దరో అయితే పనిరోజున వెళ్లి గేటు దగ్గర మర్యాదగా అడిగి చూడవచ్చు. అయిదుగురు దాటితే, ముఖ్యంగా పిల్లలుంటే, వారం పది రోజుల ముందే విశ్వవిద్యాలయానికి మెయిల్ రాయండి. అర పేజీ చాలు, అందులో ఇవి ఉండాలి: ఎంతమంది వస్తున్నారు, ఏ వయసువాళ్లు, ఏ రోజు, ఏ వేళ, ఎందుకు, బాధ్యత ఎవరిది, ఫోన్ నంబరు. "చూడాలని ఉంది" అని ఊరుకోకుండా "పిల్లలు ఫలానా కవిత చదువుకున్నారు, ఆమె ఇంటి ఆవరణలో దాన్ని ఒకసారి చదవాలనుకుంటున్నాం" అని రాయండి. పని ఏమిటో తెలిస్తే జవాబు ఇవ్వడం ఎవరికైనా తేలిక.

నేను మొదటిసారి ఎవర్నీ అడక్కుండా ఒక సెలవు రోజున పదిమంది పిల్లలతో వెళ్లాను. రోడ్డు మీద నిలబడి వెనక్కి తిరిగాం. తప్పు నాదే. పిల్లలు ఏమీ అనలేదు కానీ వాళ్ల చేతుల్లోని కాగితాలు చూసి నాకే బాధ వేసింది. ఆ రోజు చేసిన ఏర్పాటే ఇప్పుడు నాకు ప్రత్యామ్నాయం. అది 8వ మెట్టులో ఉంది.

హెచ్చరిక: ఫిబ్రవరి 13 ఆమె పుట్టినరోజు. ఆ ముందువెనక రోజుల్లో వెళ్లాలనుకుంటే ఇంకా ముందుగా అడగండి.

3. చదవండి, అదీ పైకి

ఆమె ఇంగ్లీషులో రాసింది. చాలామంది ఇక్కడే భయపడి ఆగిపోతారు. భయం అక్కర్లేదు. ఈ ఊరి గురించి రాసిన కవితలే తీసుకోండి. అందులో ఉన్నవి మనకు తెలిసిన వస్తువులే: కుంకుమపువ్వు, పప్పులు, బియ్యం, గంధం, గోరింటాకు, కడియాలు, గజ్జెలు, దానిమ్మలు, పూలు. కాపీరైటు గడువు తీరిపోయింది కాబట్టి నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పుస్తకమే కావాలంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల బజారులో వెతకండి. అక్కడో చిక్కుంది: పుస్తకాల బజారు ఆదివారం, ఇంటి అనుమతి దొరికేది పనిరోజున. రెండూ ఒకే రోజు కుదరవు. ముందటి ఆదివారం పుస్తకం కొనుక్కుని, ఆ వారంలో ఇల్లు చూడండి.

ఏ కవితలు? నేను మూడు చెబుతాను.

మొదటిది పల్లకి మోసే బోయీల పాట. 1905లో లండన్‌లో అచ్చయిన ఆమె తొలి సంపుటంలో మొదటి కవిత ఇదే. అర్థం వెతక్కండి, ముందు బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ చదవండి. బోయీల నడక లయ దానంతటదే పట్టుబడుతుంది. ఇంగ్లీషు రాని అమ్మమ్మ కూడా ఆ లయ విని "పల్లకి కదూ" అనడం నేను చూశాను.

రెండోది హైదరాబాద్ మీద సాయంకాలం చీకటి దిగే కవిత. ఇదీ అదే సంపుటంలోది. మినార్లు, నగరపు వంతెన వస్తాయి. దీన్ని తర్వాత నడకలో వాడుకుంటాం.

మూడోది హైదరాబాద్ బజార్ల మీద రాసినది, పాఠ్యపుస్తకాల్లో చాలామంది చదివిందే. అది తొలి సంపుటంలో ఉందనుకుంటారు. కాదు, 1912 నాటి రెండో సంపుటంలోది. కట్టుబడి సులువు: కవి వర్తకుల్నీ కంసాలుల్నీ పండ్లవాళ్లనీ పూలమ్మాయిల్నీ వరసగా ప్రశ్నలడుగుతుంది, వాళ్లు జవాబు చెబుతారు. చివరికొచ్చేసరికి పూలు పెళ్లికొడుకు తలకు, మంచానికి, ఆ తర్వాత చనిపోయినవారి మీద కప్పడానికి అల్లుతుంటారు. పిల్లలతో చదివేటప్పుడు ఈ చివరి చరణాన్ని దాటేయకండి. బజారు కవితను ఆమె ఎక్కడ ముగించిందో వాళ్లకు తెలియాలి.

ఎందుకు ఇవే రాసింది? ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో ఆమె అక్కడి పక్షుల మీదా పూల మీదా పద్యాలు రాస్తుంటే, విమర్శకుడు ఎడ్మండ్ గాస్ అవి వదిలి సొంత దేశం గురించి రాయమన్నాడు. ఆ తర్వాత ఆమె కవిత్వంలోకి ఈ వీధులు వచ్చాయి. ఇంతకుమించి సిద్ధాంతం అవసరం లేదు.

4. అయిదు సంగతులు సరిగ్గా గుర్తుపెట్టుకోండి

పెద్దలు పిల్లలకు తప్పు చెప్పే చోట్లివి.

ఇంటి పేరు పుస్తకానికి పెట్టారనుకుంటారు. తిరగేసి చెప్పాలి, ఆమె తొలి సంపుటం పేరే ఇంటికి వచ్చింది. త్రెషోల్డ్ అంటే మన గడప. ఇంటి పేరును "బంగారు గడప" అని చెప్పండి, పిల్లల ముఖాలు చూడండి. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టే గడప వాళ్లకు తెలుసు కదా.

ఇంటిపేరు చూసి ఆమె తెలుగింట పుట్టిందనుకుంటారు. 1879లో హైదరాబాద్‌లోనే పుట్టింది, కానీ బెంగాలీ కుటుంబంలో. తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ, నిజాం కాలేజీగా పెరిగిన విద్యాసంస్థకు తొలి ప్రిన్సిపాల్. నాయుడు అన్నది భర్త డాక్టర్ గోవిందరాజులు నాయుడి నుంచి వచ్చింది. 1898లో మద్రాసులో జరిగిన ఆ కులాంతర వివాహాన్ని జరిపించింది మన కందుకూరి వీరేశలింగం.

కాంగ్రెస్‌కు మొదటి మహిళా అధ్యక్షురాలు అంటారు. మొదటివారు 1917లో అనీబిసెంట్. 1925లో కాన్పూరులో అధ్యక్షత వహించిన సరోజిని మొదటి భారతీయ మహిళ.

గవర్నరు విషయంలో తల్లీకూతుళ్లను కలిపేస్తారు. సరోజిని 1947 నుంచి 1949లో మరణించేదాకా సంయుక్త రాష్ట్రాల, అంటే నేటి ఉత్తరప్రదేశ్ గవర్నరు. పద్మజ 1956 నుంచి పశ్చిమ బెంగాల్ గవర్నరు.

అయిదోది తప్పు కాదు, మరుపు. 1908 సెప్టెంబరు మూసీ వరదల్లో ఆమె సహాయక పనుల్లో దిగింది. అందుకు బ్రిటిష్ ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలాబాగ్ తర్వాత ఆమె దాన్ని తిరిగి ఇచ్చేసింది.

5. చేరుకోవడం

మియాపూర్–ఎల్.బి.నగర్ మెట్రోలో నాంపల్లి స్టేషన్‌లో దిగండి. అక్కణ్ణుంచి అబిడ్స్ వైపు నడక. కారు తీసుకెళ్లకండి, ఆ రోడ్డులో నిలపడానికి చోటు వెతుక్కోవడంలోనే సగం ఉత్సాహం పోతుంది. పెద్దవాళ్లుంటే స్టేషన్ నుంచి ఆటో చేసుకోండి. వేసవిలో ఉదయం వేళ అడగండి.

6. గేటు దగ్గర

"నమస్తే అన్నా, సరోజినీ నాయుడుగారి ఇల్లు చూడటానికి వచ్చాం, అనుమతి లేఖ ఇదిగో" అని నకలు చేతిలో పెట్టండి. లోపల ఏ పనో జరుగుతుంటే ఆగమంటారు, ఆగండి. ఫోటోలు తీయవచ్చా, ఏ గదుల్లోకి వెళ్లవచ్చు, ఏవి కూడదు అన్నది అప్పుడే అడిగేసుకుంటే మంచిది. అడక్కుండా తలుపు తోసి చూడటం, మూసి ఉన్న కిటికీలోంచి ఫోన్ పెట్టి ఫోటో తీయడం వద్దు. మీ తర్వాత వచ్చేవాళ్లకు తలుపు తెరుచుకోవాలా వద్దా అన్నది మీ నడతను బట్టి ఉంటుంది.

7. లోపల ఏం చేయాలి

ఈ మెట్టు నెమ్మదిగా చదవండి. అందరూ తొందరపడేది ఇక్కడే.

ముందు ఫోన్ జేబులో పెట్టండి. కవిత కాగితం మీద తెచ్చుకోమన్నది ఇందుకే. ఫోన్లో కవిత తీస్తే దానితోపాటు మెసేజీలు వస్తాయి, ఫోటో తీయాలనిపిస్తుంది, ఇల్లు చూసే కళ్లు తెర మీదికి పోతాయి.

అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదని చెప్పండి. గడియారం పెట్టండి. బయట రోడ్డు హోరు ఎంత వినిపిస్తోంది, ఎక్కడికొస్తే తగ్గుతోంది, వెలుతురు ఎటునుంచి పడుతోంది, చెట్టు నీడ ఎంతవరకు వచ్చింది అన్నవి పిల్లలు నోటు పుస్తకంలో రాయాలి. గడపలు చూడమనండి. ఈ ఇంట గడప చూడకుండా తిరిగొస్తే ఎలా? తలుపుల ఎత్తు, నేల, పైకప్పు, మెట్లు చూడాలి. చేత్తో తట్టకూడదు, గోడకు ఆనుకోకూడదు. పాత గోడల గచ్చు భుజం తగిలినా రాలుతుంది.

తర్వాత అనుమతి ఉన్న చోట ఒకరు నిలబడి పల్లకి కవిత చదవాలి. చిన్నదే, నిమిషంలో అయిపోతుంది. మిగిలినవాళ్లు వేళ్లతో తాళం వేయవచ్చు. తెలుగులో చెప్పుకున్న అనువాదం ఉంటే అదీ చదవండి. అందంగా లేకపోయినా సొంతంగా చేసిన అనువాదమైతే నాకు ఇంకా ఇష్టం.

పెద్ద హెచ్చరిక: "ఇదిగో, ఇక్కడ కూర్చునే ఆ కవిత రాసింది" అని ఊహించి చెప్పకండి. పిల్లలు కళ్లు పెద్దవి చేసి వింటారు కాబట్టి చెప్పాలనిపిస్తుంది. మీకు ఖాయంగా తెలియని సంగతి చెబితే అది వాళ్ల బుర్రలో నిజంగా స్థిరపడుతుంది, పదేళ్ల తర్వాత వాళ్లు ఇంకొకరికి చెబుతారు. ఇలా చెప్పండి: "ఈ ఇంట్లో ఆమె ఉండేది. నువ్వయితే రాసుకోవడానికి ఏ మూల ఎంచుకుంటావు?" ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు వినదగ్గవి. ఒక బాబు మెట్లు చూపించి, "ఇక్కడైతే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ కనిపిస్తారు" అన్నాడు.

ఈ ఇంటి మనుషుల గురించి రెండు మాటలు చెబితే ఇల్లు నిండుగా అనిపిస్తుంది. పెద్ద తమ్ముడు వీరేంద్రనాథ్ విదేశాల్లో తిరిగిన విప్లవకారుడు. చిన్న తమ్ముడు హరీంద్రనాథ్ కవి, హిందీ సినిమాల్లో తాత వేషాలు వేశాడు. పన్నెండేళ్లకే మెట్రిక్యులేషన్ పాసై, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పదహారేళ్లకు ఇంగ్లండు వెళ్లిన అక్క సరోజిని.

8. అనుమతి దొరకకపోతే, లేదా దొరికాక కూడా: బజారు నడక

ఇల్లు బయటినుంచే చూడాల్సి వస్తే నిరాశపడకండి. బజారు కవిత తీసుకుని ఊళ్లోకి నడవండి. లోపల చూసినవాళ్లు కూడా ఇది వదలకూడదని నా అభిప్రాయం.

దగ్గరి దారి: అబిడ్స్ నుంచి మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్ ఒకప్పుడు పండ్లకు పేరు, ఇప్పుడు ఐస్‌క్రీముకు. పిల్లలకు అక్కడ విరామం ఇవ్వండి.

పొడుగు దారి: నాంపల్లిలో మళ్లీ మెట్రో ఎక్కి, గాంధీ భవన్, ఉస్మానియా మెడికల్ కాలేజీ దాటి ఎం.జి.బి.ఎస్.లో దిగండి. అక్కణ్ణుంచి ఆటోలో అఫ్జల్‌గంజ్, మూసీ మీది నయాపూల్ వంతెన మీదుగా చార్మినార్. వంతెన మీద ఆటో ఆపనివ్వరు, కాబట్టి చీకటి కవితను ముందే చదివి దాటండి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 వరదలో నూట యాభై మందికి పైగా దాని కొమ్మలు పట్టుకుని బతికారని చెబుతారు. ఆమె సహాయం చేసిన వరద ఎంతటిదో పిల్లలకు ఆ చెట్టు చెప్పినట్టు పతకం కథ చెప్పలేదు.

చార్మినార్ పక్కనే ఉన్న లాడ్ బజారు ఉదయం పదకొండుకు ముందు సగం షట్టర్లు వేసే ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు దగ్గర రద్దీ. సాయంత్రం నాలుగు మంచి వేళ. కవితలోని వస్తువుల జాబితా ఒక్కొక్కరికీ ఇచ్చి, కనిపించినదాని పక్కన టిక్కు, మాయమైనదాని పక్కన సున్నా పెట్టమనండి. గాజులు, పూలు దొరుకుతాయి. పచ్చరాయి పిడి బాకులు దొరకవు. చిన్నపిల్లలుంటే చేయి వదలకండి, ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద మనిషి చొప్పున ఉండాలి.

మూడో దారి, పుస్తకప్రియులకు: సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 1901లో పుట్టిన తెలుగు గ్రంథాలయం అది. నిజాం పాలనలో తెలుగు చదువుకోవడానికి చోటు కోసం కొందరు ఆ గ్రంథాలయం పెట్టిన నాలుగేళ్లకు, ఇదే ఊరి ఆడపిల్ల రాసిన ఇంగ్లీషు కవితలు లండన్‌లో అచ్చయ్యాయి. రెండు చోట్లూ ఒకే రోజు చూస్తే అప్పటి హైదరాబాద్ ఎన్ని భాషల్లో ఆలోచించేదో తెలుస్తుంది.

9. వెళ్లింది ఫలించిందా? సరిచూసుకోండి

ఆ రాత్రే, భోజనాల దగ్గర, ఈ ప్రశ్నలు అడగండి.

- ఇంటి పేరుకు తెలుగులో ఏమంటాం?
- అక్కడ నీకు వినిపించిన ఒక చప్పుడు చెప్పు.
- కవితలోది, బజారులో కనిపించిన వస్తువు ఏది? కనిపించనిది ఏది?
- రాసుకోవడానికి ఏ మూల ఎంచుకున్నావు, ఎందుకు?

పుట్టిన తేదీ, పదవుల జాబితా మాత్రమే వస్తే మనం హడావిడిగా తిప్పామని అర్థం. వారం తర్వాత ఆ కవితలు మళ్లీ ఒకసారి చదివించండి. ఇల్లు మళ్లీ చూడాల్సిన పని లేదు. చప్పుడు, మూల, వస్తువు మూడూ చెప్పగలిగితే ఫలించినట్టే.

పెద్దలకు వేరే పరీక్ష: ఆమె రాసిన ఒక్క పంక్తి చూడకుండా చెప్పగలరా? చెప్పలేకపోతే పల్లకి కవితతో మొదలుపెట్టండి, నాలుగు రోజుల్లో నోటికి వస్తుంది.

ఇదే పద్ధతి రాజమహేంద్రవరంలో వీరేశలింగం ఇంటికీ, విజయనగరంలో గురజాడ ఇంటికీ పనికొస్తుంది. కవితల చోట వాళ్ల రచనలు, హైదరాబాద్ బజారు చోట ఆ ఊరి వీధులు పెట్టుకోవడమే.

10. చివరి పని

మర్నాడు పిల్లల చేత సొంత బజారు కవిత రాయించండి. కట్టుబడి ఆమెదే: ఏమమ్ముతున్నారు, ఏం చేస్తున్నారు, ఎవరికోసం అల్లుతున్నారు అని అడగాలి, జవాబు రాయాలి. ఛందస్సు అడగొద్దు, ప్రాస అడగొద్దు. చూసినది మాత్రమే రాయాలి. మొన్న నాతో వచ్చిన ఆరో తరగతి అమ్మాయి పుస్తకంలో ఇవి ఉన్నాయి: మొబైలు కవర్లు, బత్తాయి రసం, ఎండకు రంగు వెలిసిన హెల్మెట్లు, రాళ్ల గాజులు, దువ్వెనలు, ఒక్కో మూర కొలిచి ఇచ్చే మల్లెపూలు. ఆ పూలు ఎవరికోసమని అడిగితే పూలావిడ "అందరికీ బిడ్డా" అందట. ఆ పేజీ పైన తేదీ వేయించి, కవిత కాగితంతో కలిపి దాచండి.